కాఫీ తాగేలోపు చల్లారిన చప్పుడు

మా వ్యానులో ముందు సీటు ఎప్పుడూ పెద్దవాళ్ళదే. పెళ్ళివారైనా, గుళ్ళకు వెళ్ళేవారైనా, గుంపులో అందరికంటే పెద్దాయనను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, "తవరిక్కడ కూర్చోండి, గాలి బాగా తగుల్తుందండి" అని డ్రైవరు పక్కన కూర్చోబెట్టేవారు. ఆ సీటు కింద ఇంజను ఉంటుందన్న సంగతి ఎవరికీ పట్టేది కాదు. మా కోనసీమలో మర్యాద అలాగే ఉంటుంది మరి. గౌరవించాల్సిన మనిషిని తీసుకెళ్ళి సరాసరి పొయ్యి మీద కూర్చోబెడతాం. ఆయన కూడా కిందనుంచి మాడుతూనే "ఆయ్, హాయిగా ఉందండి" అంటాడు.

ఆ "హాయిగా ఉందండి" అన్న మాటే మా కొంప ముంచబోయింది.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళయింది. నేను కొత్తపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. మా ఆయన గల్ఫ్‌లో నీళ్ళ ట్యాంకరు నడిపేవారు. రెండేళ్ళకోసారి వచ్చి రెండు నెలలుండి వెళ్ళేవారు. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా మేమిద్దరం ఒక కప్పు కింద ఉన్న రోజులన్నీ కలిపితే ఏడాది లేదు. ఆ తొమ్మిదేళ్ళూ నాతో కాపురం చేసింది మా అత్తగారే. మూడుముళ్ళూ ఆవిడే వేసిందేమోనని ఒక్కోసారి నాకే అనుమానం వచ్చేది.

నాకు నోరెక్కువని స్కూలంతా పేరు. సుద్దముక్క విసిరితే గురి తప్పదని పిల్లలు చెప్పుకునేవారు. హెడ్మాస్టరు కూడా నా క్లాసు ముందు నుంచి నడిచేటప్పుడు చెప్పులు చప్పుడు చెయ్యకుండా నడిచేవాడు. అలాంటిదాన్ని, ఆయన సూట్‌కేసు సర్దుకుంటుంటే మాత్రం పక్కన నిలబడి బట్టలు మడతపెట్టి ఇచ్చేదాన్ని. "జాగ్రత్తగా వెళ్ళిరండి" అనడం తప్ప ఇంకో మాట వచ్చేది కాదు. సంపాదనకు వెళ్ళే మగవాడికి అడ్డం పడకూడదని మా అమ్మ చిన్నప్పుడే నూరిపోసింది. అందుకని బస్సు మలుపు తిరిగేదాకా నవ్వు మొహం పెట్టుకుని, తర్వాత ఇంటికొచ్చి వారం రోజులపాటు పిల్లల మీద సుద్దముక్కలు విసిరేదాన్ని.

నాలుగోసారి వచ్చినప్పుడు ఆయన భోజనం చేస్తూ చేస్తూ, "ఇంక వెళ్ళనేమో. ఇక్కడే బండి తిప్పుకుందామనుకుంటున్నాను" అన్నారు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. "మీ ఇష్టమండి" అని మజ్జిగ పోశాను. మజ్జిగ కాస్త కంచం దాటింది.

అలా వచ్చింది వ్యాను, వేరొకరు వాడి అమ్మినది. తెల్లగా, శుభ్రంగా ఉంది. మొదటి రెండు నెలలు మా ఇంటి ముందు బండి మాట్లాడుకునే పార్టీలు వరస కట్టాయి. తర్వాత ఏమైందో తెలియదు గాని, ఒకసారి వచ్చినవాళ్ళు మళ్ళీ రావడం మానేశారు. పోనీ తిట్టారా అంటే తిట్టలేదు. దారిలో కనిపిస్తే చేతులు పట్టుకుని, "మీ బండి ముత్యమండి, మీవారి డ్రైవింగు వెన్నండి" అనేవారు. మర్నాడు ఇంకొకరి వ్యానులో మా వీధిలోంచే వెళ్ళేవారు. మా ఇల్లు దాటేటప్పుడు అందరూ ఒక్కసారిగా అటువైపు కొబ్బరిచెట్లను చూసేవారు.

దిష్టి తగిలిందని అత్తగారు నిమ్మకాయలు కట్టారు. నేను సైన్సు టీచర్ని కాబట్టి గోడమీద క్యాలెండరు తీసి చూశాను. ఏ రోజు ఎక్కడికి వెళ్ళారో ఆయన అందులో పెన్సిలుతో రాసుకునేవారు. పలివెల గుడికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ మళ్ళీ వచ్చారు. పలివెల మా ఊరికి పక్కనే, ఇలా ఎక్కి అలా దిగడమే. ద్రాక్షారామం వెళ్ళినవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు రెండోసారి రాలేదు. దిష్టి దగ్గర ఊళ్ళకు తగలకుండా దూరం ఊళ్ళకే ఎందుకు తగులుతుందని అత్తగారిని అడిగితే, "నువ్వు చదువుకున్నావని నాతో వాదించకే అమ్మాయ్" అని ఇంకో నిమ్మకాయ కట్టారు.

సరిగ్గా అప్పుడే గల్ఫ్ నుంచి ఆయన పాత యజమాని కబురు పంపాడు. మళ్ళీ వస్తే వీసా సిద్ధంగా ఉందట, నెలాఖరులోగా చెప్పాలట. ఆయన ఆ ఉత్తరం చదివి, మడతపెట్టి, గోడమీది అద్దం వెనక దోపారు. ఏమీ అనలేదు. కాని రోజూ తల దువ్వుకునేటప్పుడు అద్దం పైన ఆ ఉత్తరం చెవి ఒకటి బయటికి కనిపించేది. బండి నడవకపోతే ఆయన వెళ్ళిపోతారు. సంగతి అంతే. నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది.

ద్రాక్షారామం వెళ్ళొచ్చినవాళ్ళలో మా స్కూల్లో రిటైరైన తెలుగు మాస్టారొకరున్నారు. ముందు సీటులో కూర్చున్నది ఆయనే. నేరుగా వాళ్ళింటికి వెళ్ళి అడిగాను.

"మాస్టారూ, మా బండిలో ఏం ఇబ్బంది కలిగిందో నిజం చెప్పండి."

"ఇబ్బందా? అబ్బే! స్వర్గంలా ఉందండి" అన్నారాయన, రెండు చేతులూ పైకెత్తి.

వంటింట్లోంచి ఆయన భార్య అందుకున్నారు. "ఆయ్, స్వర్గమేనండి. రామచంద్రపురం వచ్చేసరికి ఈయన కట్టుడు పళ్ళు వాటంతటవే తాళం వెయ్యడం మొదలెట్టేయండి. ఊడదీసి జేబులో పెట్టుకున్నారు. బోసినోటితోనే దర్శనం చేసుకున్నారు. పులిహోర పెడితే జేబు తడుముకున్నారండి."

మాస్టారు కండువాతో నోరు తుడుచుకుని, "పాపం, అతగాడు నొచ్చుకుంటాడని..." అన్నారు.

నాకు ఆ పళ్ళు పటపటా కొరకాలనిపించింది. అంటే నా పళ్ళు. ఇంత పెద్ద కోనసీమలో బండి బాగాలేదని చెప్పే ధైర్యవంతుడు ఒక్కడు పుట్టలేదు. అందరూ మంచివాళ్ళే. అందరూ కలిసి మంచిగా మా ఆయనను విమానం ఎక్కిస్తున్నారు.

ఆ ఆదివారం ముందు సీటులో నేనే కూర్చున్నాను. రావులపాలెం దాకా ఏమీ లేదు. జొన్నాడ వంతెన దాటాక, కాళ్ళ కింద నుంచి సన్నగా ఒక జుమ్మనే చప్పుడు బయలుదేరింది. ఇంకో పది నిమిషాలకు అది సీటులోంచి నడుముకీ, నడుములోంచి దవడలకీ ఎక్కింది. మాట్లాడదామని నోరు తెరిస్తే నా గొంతు నాకే మేక గొంతులా వినపడింది.

"ఏ-ఏ-ఏవండీ, ఇది మీ-మీకు వినపడలేదా?"

"అప్పుడప్పుడు వస్తుంటుంది. పాట పెంచితే పోతుంది" అని ఆయన క్యాసెట్టు మీట తిప్పారు.

తొమ్మిదేళ్ళు ఎడారిలో ట్యాంకరు నడిపిన చెవులవి. వాటిని నమ్ముకుని లాభం లేదని మెకానిక్ మేస్త్రి దగ్గరకు తీసుకెళ్ళమన్నాను.

మేస్త్రిగారి షెడ్డు కొత్తపేట శివార్లో. షెడ్డు వెనకే ఇల్లు. అరవై దాటిన మనిషి. నీళ్ళు తోడే ఇంజన్లు, పడవ ఇంజన్లు బాగుచేసి బాగుచేసి, స్క్రూడ్రైవరు ఒక కొన ఇంజను మీద, ఇంకో కొన చెవిలో పెట్టుకుని రోగం చెప్పేసేవాడు. అంత పనివాడు. అంతకంటే పెద్ద మర్యాదస్థుడు.

మేం దిగగానే, "అయ్ బాబోయ్, టీచరుగారే స్వయంగా వచ్చేరు!" అని కుర్చీలు తెప్పించి, పై కండువాతో దుమ్ము దులిపాడు. లోపల్నుంచి ఆయన భార్య కాఫీ తెచ్చింది. కాఫీ వెనక జంతికలు. జంతికల వెనక మా అమ్మగారి ఊరు, మా నాన్నగారి ఆరోగ్యం, మా మేనమామల్లో ఆయన ఎరిగున్నవాళ్ళెవరైనా ఉన్నారా అన్న విచారణ. అన్నీ అయ్యాక చేతులు తుడుచుకుని సీటు ఎత్తి ఇంజను వేశాడు. ఆ జుమ్మనే చప్పుడు జాడే లేదు. చెవిలో స్క్రూడ్రైవరు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ముత్యంలా ఉందండి. నలభై ఏళ్ళుగా ఇనుము మాట వింటన్నానండి. ఇనుము అబద్ధమాడదు."

అనుమానం తీరడానికి పలివెల దాకా నడిపి వెనక్కి తెచ్చాడు. ఎక్కడా చప్పుడు లేదు.

వారం తర్వాత మళ్ళీ వెళ్ళాం. ఈసారి కొబ్బరిబొండాలు కొట్టించాడు. మళ్ళీ ముత్యమే. మూడోసారి వెళ్ళినప్పుడు నేను గుమ్మంలోనే చెప్పాను, "మేస్త్రిగారూ, దీన్ని వేడి మీదే చూడాలండి. ఇప్పుడు వేడిగా ఉంది, ఇప్పుడే చూడండి" అని. "తప్పకుండానండి! మీరు చెప్పేక చూడకపోతానాండి? ముందు కాఫీ తీసుకోండి" అన్నాడు. పొగలు కక్కే కాఫీ. అది చల్లారేసరికి ఇంజనూ చల్లారింది.

ఆ మూడోసారి వచ్చేసేటప్పుడు మా ఆయనను పక్కకు పిలిచి, నాకు వినపడదనుకుని, "టీచరుగారికి చెవి డాక్టరు దగ్గర చూపించేరాండి?" అని అడిగాడు. నా చెవులు ఎంత బాగా పనిచేస్తున్నాయో ఆ ఒక్కమాటతో నాకు రుజువైపోయింది.

ఇంటికొచ్చి కోపంగా స్నానానికి వెళ్ళాను. ప్లాస్టిక్ బకెట్‌లో మరిగిన నీళ్ళు పోసి, చెంబు విసురుగా పెట్టబోతే బకెట్‌కు తగిలింది. 'థడ్' మంది. అదే బకెట్ పొద్దున్న చన్నీళ్ళతో ఉన్నప్పుడు 'టంగు' మంటుంది. మళ్ళీ కొట్టాను. థడ్. నీళ్ళు పారబోసి చన్నీళ్ళు నింపి కొంతసేపు ఆగి కొట్టాను. టంగు. అత్తగారి ఇత్తడి బిందె తెచ్చి వేడినీళ్ళు పోసి కొట్టాను, చన్నీళ్ళు పోసి కొట్టాను. ఇత్తడికి తేడా లేదు. బయటనుంచి అత్తగారు, "స్నానం చేస్తన్నావా, సన్నాయిమేళం పెట్టేవా?" అని కేకేశారు.

వేడెక్కితే ప్లాస్టిక్ మెత్తబడుతుంది. మెత్తబడితే దాని గొంతు దిగుతుంది. ఇది నేను పిల్లలకు ఏటా చెప్పే పాఠమే. మా పాఠాలు మాకు పనికొస్తాయని మాకెప్పుడూ తోచదు.

సీటు ఎత్తి చూస్తే ఇంజనంతా ఇనుమే గాని, దానికి గాలి అందించే నల్లటి డబ్బా ఒకటి మాత్రం ప్లాస్టిక్‌ది. ఉత్త ప్లాస్టిక్ కూడా కాదు, గాజు నార కలిపి పోసినది. పడవలవాళ్ళు ఫైబర్ అంటారే, దానికి దగ్గర చుట్టం. మేస్త్రిగారు ఇంజనంతా విన్నాడు గాని ఈ డబ్బా వైపు ఒక్కసారీ స్క్రూడ్రైవరు పెట్టలేదు. ఇనుము కానిది ఆయన లెక్కలో ఇంజనే కాదు.

మరి దాని గొంతు ఎంత దిగుతోందో తెలిసేదెలా? నాకు కొబ్బరి చీపురు గుర్తొచ్చింది. పొట్టి ఈనెను మీటితే గబగబా ఊగుతుంది, పొడుగు ఈనె నిదానంగా ఊగుతుంది. ఒక్కొక్క ఈనెకు ఒక్కొక్క ఊపు. తనకు సరిపడ్డ ఊపు తగిలితే ఆ ఒక్క ఈనే ఆడుతుంది, పక్కవి ఊరుకుంటాయి. పది ఈనెలు తీసి పొట్టి నుంచి పొడుగు దాకా వరసగా కత్తిరించి, రెండు చెక్క స్కేళ్ళ మధ్య పెట్టి గట్టిగా కట్టాను.

ఈనెలు అత్తగారి చీపురులోవి. ఆవిడ స్వయంగా ఆకు చీల్చి, ఈనె గీకి, ఎండబెట్టి కట్టుకున్న చీపురు. దాన్ని ఇల్లు దాటి పోనిచ్చేవారు కాదు. మొదటిసారి కత్తిరింపు సరిగా కుదరక పది పాడుచేశాను. రెండోసారీ అంతే. మూడో రోజుకి చీపురు పలచబడి కనిపించింది.

"చీపురు చిక్కిపోతందే. ఎవరో లాగేస్తన్నారు" అన్నారు అత్తగారు.

"కాకులేమోనండి, గూళ్ళు కట్టుకునే రోజులు కదా" అన్నాను.

ఆవిడ ఆ మధ్యాహ్నమంతా అరుగు మీద కూర్చుని కాకుల్ని తోలారు.

మర్నాడు సాయంత్రం ఆయన మండపేట నుంచి వస్తున్నారని తెలిసి వీధిలోనే నిలబడ్డాను. ఆగీ ఆగకముందే సీటు ఎత్తించాను. ఆక్సిలరేటర్ కాస్త తొక్కి పట్టమన్నాను. స్కేళ్ళు ఇనుము మీద ఆనిస్తే ఏడో ఈనె ఆడింది. ఇంజను ఆపించి, డబ్బా మీద ఆనించి చెక్క గరిటెతో తట్టాను. అక్కడా ఏడోదే వణికింది. రాత్రి భోజనాలై ఇంజను చల్లారాక మళ్ళీ డబ్బాను తడితే నాలుగోది వణికింది, ఏడోది కదల్లేదు. ఇంజను ఎప్పుడూ ఏడో ఈనె పాటే పాడుతోంది. డబ్బా చల్లగా ఉన్నప్పుడు తన గొడవ తనదే. వేడెక్కేకొద్దీ గొంతు దిగి దిగి ఏడు దగ్గరకు వచ్చేసరికి ఇద్దరూ శ్రుతి కలిపి భజన మొదలెడుతున్నారు. దానికి మాస్టారి పళ్ళు తాళం వేశాయి.

నేను ఆనందంతో వెనక్కి తిరిగితే అత్తగారు నిలబడి ఉన్నారు. ఆవిడ చూపు ఈనెల మీదుంది.

"కాకి ఇదన్నమాట" అన్నారు. "శుక్రవారం పూట చీపురు తెచ్చి బండి మీద పెడతావుటే? పార్టీలు రమ్మంటే ఎలాగొస్తారు!"

ఆవిడను సముదాయించడానికి ద్రాక్షారామం తీసుకెళ్తానని మాటిచ్చాను. అసలు ఉద్దేశం వేరు. నెలాఖరుకు ఇంక నాలుగు రోజులే ఉంది. ద్రాక్షారామం వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు ఎక్కడా ఆగకుండా వేడివేడిగా మేస్త్రిగారి షెడ్డులోకి బండి తోలించాలి. కాఫీ గండం దాటడానికి ఫ్లాస్కు నిండా కాఫీ కూడా పట్టుకున్నాను. ఆయన ఇచ్చేలోపే నేనే ఆయన చేతిలో గ్లాసు పెట్టేస్తే సరి. చాలా తెలివైన పథకం అనుకున్నాను.

దర్శనం బాగా అయింది. దేవుడికి కూడా దారిలో బండి ఆగకూడదనే దండం పెట్టాను. జొన్నాడ వంతెన మీద ఆగి గోదావరి చూద్దామని అత్తగారు అంటే, గోదావరి ఎక్కడికీ పోదండి అన్నాను. షెడ్డు ముందు ఆగేసరికి డబ్బా గట్టిగా జుమ్మంటోంది. వెనక సీటులో అత్తగారి గాజులు కూడా దాంతో మోగుతున్నాయి.

"ఏవండీ, ఆపకండి. ఆక్సిలరేటర్ అలాగే పట్టండి" అని దూకి, ఫ్లాస్కు మూత తీసి, గ్లాసు మేస్త్రిగారి ముందు పెట్టాను. "ముందు మీరు కాఫీ తాగండి, తాగుతూ దీన్ని వినండి."

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"మా గుమ్మంలోకొచ్చి మీ కాఫీ మేం తాగడమాండి! ఎంత మాటండి! ఏమేవ్, టీచరుగారు వచ్చేరు, వాళ్ళత్తగారు కూడానూ. కుర్చీలెయ్యి. తమ్ముడూ, ఇంజను ఆపు నాన్నా, పెద్దావిడని దిగనీ."

మా ఆయన చెయ్యి తాళంచెవి వైపు వెళ్ళింది. మేస్త్రిగారి భార్య అప్పటికే ట్రే పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసింది. జంతికలు, పక్కన మినపసున్ని కూడా. నాకు కళ్ళముందు అద్దం వెనక ఉత్తరం చెవి కనిపించింది. తర్వాత ఏమైందో చెప్తే మా స్కూలువాళ్ళు నమ్ముతారు గాని, మా బంధువులు నమ్మరు.

"మేస్త్రిగారూ! మీ కాఫీ నాకొద్దండి!"

షెడ్డులో పనంతా ఆగిపోయింది. మా వైపు ఎవరి మొహాన్నైనా కొట్టినా ఇంత అవమానం కాదు.

"మీ కుర్చీ వద్దండి. మీ జంతికలొద్దండి. మూడుసార్లొచ్చేం. మూడుసార్లూ మర్యాదలు చేసి చేసి మా ఇంజను చల్లారబెట్టేరండి. ఇప్పుడు, ఈ క్షణాన మీరిది వినకపోతే ఈయన మళ్ళీ గల్ఫ్ వెళ్ళిపోతారండి. ఈయన వెళ్ళడం నాకిష్టం లేదండి! తెలిసిందాండి? ఎప్పుడూ ఇష్టం లేదు. తొమ్మిదేళ్ళ నుంచీ ఇష్టం లేదు!"

అంత కోపంలోనూ అండీలు మాత్రం ఒక్కటీ వదల్లేదు. అత్తగారు పైటచెంగుతో మొహం కప్పుకున్నారు. మా ఆయన చెయ్యి తాళంచెవి దాకా వెళ్ళి అక్కడే ఆగింది. కాలు మాత్రం ఆక్సిలరేటర్ మీద అలాగే బిగుసుకుపోయింది, సరిగ్గా కావలసినంత. ఎవరూ మాట్లాడకపోవడంతో షెడ్డంతా ఆ జుమ్మనే చప్పుడే నిండిపోయింది.

మేస్త్రిగారి తల పక్కకు ఒరిగింది. నా మాటలకు నొచ్చుకున్నాడో లేదో గాని, ఆయన చెవి అప్పటికే బండి వైపు తిరిగిపోయింది. వెళ్ళి సీటు ఎత్తాడు. స్క్రూడ్రైవరు ఇనుము మీద పెట్టాడు, తల అడ్డంగా ఊపాడు. నేను స్కేళ్ళు తీసుకెళ్ళి డబ్బా మీద ఆనించాను. ఏడో ఈనె ఎంత వేగంగా ఊగిందంటే ఈనె కనపడలేదు, దాని చోట విసనకర్రలా ఒక నీడ కనిపించింది. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, అరచెయ్యి డబ్బా మీద పెట్టి చటుక్కున తీసేశాడు.

"గోనెసంచి తడిపి తెండి" అన్నాడు.

తడి సంచి డబ్బా మీద కప్పాడు. సర్రున ఆవిరి లేచింది. కొంచెం సేపటికి చప్పుడు సన్నబడి, ఇంకొంచెం సేపటికి లేకుండా పోయింది. ఈనె నిలబడిపోయింది. సంచి తీసి ఇంజను అలాగే తిరగనిచ్చాడు. మేమందరం నోళ్ళు తెరుచుకుని నిలబడి ఉండగా ఈనె మెల్లగా మళ్ళీ ఆడడం మొదలెట్టింది. ఆ వెనకే జుమ్మని చప్పుడు.

ఆయన డబ్బా కిందికి వేళ్ళు పోనిచ్చి తడిమాడు. "ఇక్కడో ఇనప కాలుండాలండి, దీన్ని పట్టుకోడానికి. పాత ఆసామీ ఎప్పుడో విప్పి మళ్ళీ పెట్టలేదు. చల్లగా ఉన్నప్పుడు దాని బిగువు మీద అది నిలబడతంది. వేడెక్కితే ఒళ్ళు మెత్తబడి ఊగుతంది." తర్వాత తల గోక్కుని అన్నాడు. "ఇనుము అబద్ధమాడదండి. ఈ ప్లాస్టిక్కు మాత్రం టీచరుగారి లాగానండి, వేడెక్కితేనే..."

ఆయన భార్య ట్రే వెనకనుంచి కళ్ళతో ఏదో సైగ చేసింది. మేస్త్రిగారు మిగతా మాట మింగేసి ఇనప పట్టీ వెతుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు.

పట్టీ కోసి, వంచి, కింద రబ్బరు ముక్క పెట్టి బిగించడానికి గంట పట్టింది. తర్వాత మేస్త్రిగారే నడిపి, రావులపాలెం దాటి చాలాదూరం వెళ్ళి వచ్చాడు. వేడివేడి డబ్బాను గరిటెతో తడితే మూడో ఈనె వణికింది. ఏడోది పూర్తిగా నిద్రపోతోంది. ఆయన ఆ స్కేళ్ళు కావాలని అడిగాడు. చీపురు మా అత్తగారిదండి, ఆవిడనే అడగండి అన్నాను. అత్తగారు పైటచెంగులోంచే ఇవ్వమని చెయ్యి ఊపారు.

ఇంటికి వచ్చేటప్పుడు మా ఆయన క్యాసెట్టు పెట్టలేదు. నేను ముందు సీటులోనే కూర్చున్నాను, అప్పటికి కోపం దిగి సిగ్గు ఎక్కింది. వెనక అత్తగారు నిద్రపోతున్నట్టు నటిస్తున్నారు. ఆవిడకు నటన రాదు.

"ఆ మాట ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నారాయన, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"మీరు అడగలేదు."

ఆయన గేరు మార్చి అన్నారు. "వెళ్ళే ప్రతిసారీ బస్సెక్కేదాకా చూసేవాణ్ణి, వద్దంటావేమోనని. కిటికీలోంచి కూడా చూసేవాణ్ణి. నువ్వు నవ్వుతా చెయ్యూపేదానివి. నేను లేకపోతేనే నీకు హాయిగా ఉందేమో అనుకున్నాను."

వెనక నుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. ఇల్లు చేరాక ఆయన చెప్పులు కూడా విడవకుండా వెళ్ళి అద్దం వెనక ఉత్తరం తీసి అత్తగారికిచ్చారు. ఆవిడ దాన్ని పొయ్యిలో పెట్టి మాకు కాఫీ కలిపారు. చీపురు సంగతి మాత్రం మర్నాడు పొద్దున్నే ఎత్తారు, ఆ తర్వాత చాలా ఏళ్ళు ఎత్తుతూనే ఉన్నారు.

ఆ వారంలోనే తెలుగు మాస్టారిని బతిమాలి ద్రాక్షారామం తీసుకెళ్ళాం. వెళ్ళినంతసేపూ ఒక చెయ్యి జేబు దగ్గరే పెట్టుకుని కూర్చున్నారు. దిగాక, "ఈసారి హాయిగా ఉందండి" అన్నారు. ఆ ప్రయాణంలో పులిహోర రెండుసార్లు పెట్టించుకున్నారు.

అక్కణ్ణుంచి తిరిగొస్తూ షెడ్డు దగ్గర ఆగాం. నేను లోపలికి వెళ్ళి, "మొన్న వద్దన్న కాఫీ ఇప్పిస్తారాండి?" అని అడిగాను. మేస్త్రిగారు కండువాతో కుర్చీలు దులిపాడు. ఆయన భార్య కాఫీ తెచ్చింది, జంతికలు తెచ్చింది, మా మేనమామల గురించి మళ్ళీ మొదటి నుంచీ అడిగింది. మా ఆయన రెండో గ్లాసు కూడా అడిగి తాగారు. బయట ఇంజను పూర్తిగా చల్లారిపోయింది. మేం చల్లారనిచ్చాం.